ఆక్సిజన్ సెన్సర్ బిల్లు: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి

బాగా పనిచేస్తున్న ఆక్సిజన్ సెన్సర్‌ని డబ్బిచ్చి మరీ పీకించుకున్నదాన్ని నేను. అది ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

జరిగింది ఇది. కారులో చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. గ్యారేజీలో కుర్రాడు స్కానర్ పెట్టి చూస్తే పి0171 అని కోడ్ వచ్చింది. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది మేడమ్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. సరే, వేసేయమన్నాను. సాయంత్రానికి లైటు ఆరిపోయింది, బిల్లు కట్టి ఇంటికొచ్చాను. నాలుగో రోజు పొద్దున్న తాళం తిప్పితే మళ్లీ అదే లైటు, అదే కోడ్.

నా ఉద్యోగం ఆడిటింగ్. ఎవరెవరివో బిల్లులు ముందేసుకుని, ఈ ఖర్చుకి ఆధారమేది, ఈ వస్తువు నిజంగా కొన్నారా అని రోజంతా అడగడమే పని. అలాంటిదాన్ని నా సొంత బిల్లు దగ్గర ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ ఉక్రోషంతోనే కూర్చుని ఈ విషయం నేర్చుకున్నాను. రెండేళ్ల తర్వాత అదే కారులో ఇంకో సెన్సర్ నిజంగానే పోయినప్పుడు, మనిషిని పిలవకుండా నేనే మార్చుకున్నాను. సెన్సర్ మార్చడానికి ఎంతవుతుందన్నది చాలావరకు పానా పట్టకముందే తేలిపోతుందని అప్పుడు అర్థమైంది. బిల్లు మొత్తం కారును బట్టి మారుతుంది కాబట్టి, అది ఏయే ముక్కలతో తయారవుతుందో, ఏ ముక్క దగ్గర మనం అడగొచ్చో చెబుతాను.

అసలు అది ఏం చూస్తుంది

ఆక్సిజన్ సెన్సర్ చూడటానికి స్పార్క్ ప్లగ్‌కి అన్నలా ఉంటుంది. సైలెన్సర్ పైపులోకి మరతో బిగించి, వెనక వైర్లు వేలాడుతూ ఉంటాయి. కొనలో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న తొడుగు ఉంటుంది. దానికి బయటివైపు ఇంజన్ పొగ తగులుతుంది, లోపలివైపు మామూలు గాలి ఉంటుంది. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి చిన్న వోల్టేజ్ పుడుతుంది. పెట్రోల్ ఎక్కువై పొగలో ఆక్సిజన్ మిగలకపోతే 0.9 వోల్టుల దగ్గర, గాలి ఎక్కువై ఆక్సిజన్ మిగిలిపోతే 0.1 దగ్గర ఉంటుంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కారులోని కంప్యూటర్ క్షణక్షణం పెట్రోల్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఆ పాళ్ల చుట్టూ తిప్పుతూ ఉంటుంది. ఈ పాళ్ల లెక్కకి గుర్తు లాంబ్డా అనే గ్రీకు అక్షరం. అందుకే కొన్ని ఎస్టిమేట్లలో దీన్ని లాంబ్డా సెన్సర్ అని రాస్తారు. రెండూ ఒకటే, వేరు వేరు లైన్లలో కనిపిస్తే మాత్రం అడగండి. బాష్ కంపెనీ 1976లో తీసుకొచ్చిన ఈ వస్తువు మొదట వోల్వో కార్లలో ఎక్కింది.

ఇది సుమారు 300 డిగ్రీల పైన వేడెక్కితేనే సరిగ్గా పలుకుతుంది. తొలి సెన్సర్లు పొగ వేడి మీదే ఆధారపడేవి, వాటికి ఒకటే వైరు. తర్వాత లోపల చిన్న హీటర్ పెట్టారు. ఇప్పుడు మామూలుగా కనిపించేది నాలుగు వైర్లది. రెండు హీటర్‌వి, ఒకటి సిగ్నల్, ఒకటి గ్రౌండ్. ఇవి కాక వైడ్‌బ్యాండ్ అనే రకం ఉంది, సాధారణంగా అయిదారు వైర్లుంటాయి. పాళ్లు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా ఎంత ఎక్కువో, ఎంత తక్కువో కూడా కొలిచి చెబుతుంది. దీని ధర మామూలు రకం కంటే బాగా ఎక్కువ. మీ ఎస్టిమేట్ పక్కింటివాళ్ల బిల్లుకి రెట్టింపు ఉందంటే మోసమేనని అనుకోకండి, ముందు మీది ఏ రకమో కనుక్కోండి.

ఇంకో సంగతి, ఎన్ని సెన్సర్లున్నాయన్నది. నాలుగు సిలిండర్ల కారులో సాధారణంగా రెండు ఉంటాయి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి. ముందుది పెట్రోల్ పాళ్లు చూస్తుంది. వెనకది ముఖ్యంగా కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూస్తుంది. వీ ఆకారపు ఆరు సిలిండర్ల ఇంజన్ అయితే రెండు వైపులా కలిపి నాలుగుంటాయి. "బ్యాంక్ 1, సెన్సర్ 2" అంటే, ఒకటో సిలిండర్ ఉన్న వైపున, కన్వర్టర్ వెనక ఉన్నది. ఎస్టిమేట్‌లో ఈ రెండు నంబర్లూ లేకుండా ఉత్త "ఆక్సిజన్ సెన్సర్" అని రాస్తే నేనైతే సంతకం పెట్టను. ఏది మారుస్తున్నారో రాయమంటాను.

కోడ్ చెప్పేది ఎంతవరకు

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే కోడ్ ఒక వోచర్ లాంటిది. వోచర్ ఉన్నంత మాత్రాన ఖర్చు న్యాయమైందని కాదు, అక్కడ మన పని మొదలవుతుంది.

కోడ్లని నేను రెండు గుట్టలుగా వేసుకుంటాను. ఒక గుట్ట సెన్సర్ గురించే మాట్లాడేవి. పి0135 అంటే ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. పి0141 వెనకదానికి అదే జబ్బు. పి0133 ముందు సెన్సర్ మందకొడిగా స్పందిస్తోందని. పి0134 అసలు ఉలుకూ పలుకూ లేదని. ఇవన్నీ బ్యాంక్ 1 కోడ్లు. ఈ గుట్టలోవి వస్తే సెన్సర్ మీద అనుమానం సహజమే. అయినా హీటర్ కోడ్‌కి ఫ్యూజు కారణం కావచ్చు, వేడి పైపుకి తగిలి కాలిపోయిన వైరు కావచ్చు, నీళ్లు దిగిన కనెక్టర్ కావచ్చు.

రెండో గుట్టలో ఉన్నవి సెన్సర్ మోసుకొచ్చిన ఫిర్యాదులు. నాకొచ్చిన పి0171 అలాంటిదే. పొగలో ఆక్సిజన్ ఎక్కువుంది, ఎంత పెట్రోల్ పెంచినా చాలట్లేదు అని దాని అర్థం. దానికి తిరగేసింది పి0172, పెట్రోల్ మరీ ఎక్కువవుతోందని. ఇక పి0420 కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందనే కోడ్. ఇది చూసి వెనక సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు, ఏకంగా కన్వర్టర్ మార్చేసేవాళ్లూ ఉన్నారు. మా అన్నయ్య కారుకి అలా పెద్ద ఎస్టిమేట్ వేశారు. తీరా చూస్తే పైపుల జాయింట్ దగ్గర గాస్కెట్ కాలిపోయి, అక్కణ్నుంచి బయటి గాలి లోపలికి పోతోంది. సెన్సర్‌కి ఆ గాలే కనిపించింది.

నా పి0171 కథకొస్తే, రెండోసారి వేరే మెకానిక్ దగ్గరికెళ్లాను. పెద్దాయన. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి నన్ను కూడా చూడమన్నాడు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఒకటుంటుంది. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువ పోయాల్సి వస్తోందో, ఎంత తగ్గించాల్సి వస్తోందో అది చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ ఉంటే మంచిది. నా కారు ఐడ్లింగ్‌లో అది 22 చూపించింది. ఆయన యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్‌ని నిమిషానికి 2500 చుట్ల దగ్గర పట్టుకున్నాడు. కాసేపటికి 5కి దిగింది.

"చూశావా అమ్మా, బండి నిలబడి ఉన్నప్పుడే ఎక్కువ, స్పీడు పెంచితే తక్కువ. ఎక్కడో గాలి లాగుతోంది" అన్నాడు. ఇంజన్ ఐడ్లింగ్‌లో తీసుకునే గాలే కొంచెం, అందులో దొంగ గాలి వాటా పెద్దది. రేస్ చేసినప్పుడు అసలు గాలి బోలెడు వస్తుంది కాబట్టి దొంగ గాలి లెక్కలోకి రాదు. తర్వాత ఆయన బోనెట్‌లోకి వంగి, చెయ్యి అడుగుకి పోనిచ్చి ఒక రబ్బరు హోస్ వంపుని వేళ్లతో నొక్కాడు. సన్నగా వస్తున్న 'సుయ్' మనే శబ్దం ఆగింది. వదిలితే మళ్లీ మొదలైంది. పైకి కనపడకుండా వంపు అడుగున చీలింది. "ఇదిగోనమ్మా నీ సెన్సర్" అని నవ్వాడు. ఆ హోస్ ముక్క, దాని క్లిప్పు కలిపినా నేను అంతకుముందు కట్టిన బిల్లులో చిల్లర లెక్క.

పి0171కి ఇంకో పాత ముద్దాయి ఉంది, గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పట్టడం. దానికైతే అంకెలు తలకిందులవుతాయి, తరచూ స్పీడు పెంచేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. పెట్రోల్ పంపు ప్రెషర్ తగ్గినా దాదాపు అంతే. సెన్సర్ మార్చాలన్నవాళ్లని నేనిప్పుడు అడిగేది ఒకటే: "ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంతుంది, రేస్ చేస్తే ఎంతుంది?" చూసినవాళ్లు టక్కున చెబుతారు. చూడనివాళ్ల మొహంలో తెలిసిపోతుంది.

ఎస్టిమేట్‌ని ముక్కలు చేసి చదవడం

మొదటి ముక్క చెకింగ్ చార్జీ. ఇది కట్టడానికి మనకి మనసొప్పదు. కోడ్ చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది, దానికి డబ్బులేంటని గొణుగుతాం. నిజమే, కోడ్ చదివి ఊరుకునేదానికి ఎక్కువ ఇవ్వక్కర్లేదు. కానీ లైవ్ డేటా చూసి, లీకులు వెతికి, మల్టీమీటర్ పెట్టి తేల్చే మనిషి గంట సమయానికి డబ్బు ఇవ్వడం దండగ కాదు. ఒక సెన్సర్ అనవసరంగా మార్చిన ఖర్చుతో పోలిస్తే అది తక్కువే. పని అక్కడే చేయిస్తే ఈ చార్జీ బిల్లులో తగ్గిస్తారా అని ముందే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

రెండోది వస్తువు. ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. కార్ల కంపెనీ ఆక్సిజన్ సెన్సర్లని తానే తయారుచేయడం అరుదు. బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటివాళ్లు చేస్తారు. కార్ల కంపెనీ తన డబ్బాలో పెట్టి తన పార్ట్ నంబర్‌తో అమ్మేదాన్ని, తయారీదారు తన డబ్బాలో తన నంబర్‌తో కూడా అమ్ముతుంటాడు. రెండో డబ్బా తరచూ చవక. కాబట్టి పాత సెన్సర్ లోహపు ఒంటి మీద చెక్కిన పేరు, నంబరు చూసి అదే కంపెనీది కొనడం నా పద్ధతి. వేరే కంపెనీది వేయకూడదని కాదు, కానీ కంప్యూటర్ ఏ సెన్సర్ లక్షణాలకి అలవాటుపడి ఉందో అదే ఇస్తే తకరారు ఉండదు. ఎంచక్కా కనెక్టర్ కూడా సరిపోతుంది.

యూనివర్సల్ అని ఇంకో రకం వస్తుంది. కనెక్టర్ ఉండదు, పాతదాని వైర్లు కోసి దీనికి కలపాలి. చవక, కానీ వైర్ల రంగులు కంపెనీకో తీరు. కొన్నింటిలో రెండు తెల్లవి హీటర్‌వి, నలుపు సిగ్నల్. ఇంకొన్నింటిలో రెండు నల్లవి హీటర్‌వి, నీలం సిగ్నల్. ఒకటి తప్పు కలిపితే కొత్త సెన్సర్ గోవిందా. పైగా ఆ వైర్లకి టంకం వేయకూడదు. చాలా సెన్సర్లు లోపలికి కావాల్సిన మామూలు గాలిని వైరు తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయి. టంకం ఆ దారి మూసేస్తుంది. నొక్కి బిగించే (క్రింప్) కనెక్టర్లే వాడాలి. ఈ గొడవంతా చూశాక, కనెక్టర్‌తో వచ్చేదానికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడమే సుఖమనిపించింది. పేరూ ఊరూ లేని సెన్సర్లు, పాత కార్ల నుంచి ఊడదీసినవి నేను ముట్టను. సెన్సర్ అరిగిపోయే వస్తువు. హీటర్ ఉన్నవి మామూలుగా లక్షన్నర కిలోమీటర్ల దాకా వస్తాయంటారు. వేరేవాళ్ల కారులో ఎంత అరిగిందో తెలియనిదానికి డబ్బు పెట్టి, మళ్లీ లేబర్ కట్టడం ఎందుకు?

మూడోది లేబర్. చెయ్యి సులువుగా ఆనే చోట ఉంటే అరగంట నుంచి గంట పని. ఇంజన్ వెనక, క్యాబిన్ గోడకి ఆనుకుని ఉంటే రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు, ఒక్కో కారులో అడ్డంగా ఉన్న వేరే సామాను ఊడదీయాలి. "లేబర్ ఎంత" అని కాకుండా "ఎన్ని గంటల లేబర్" అని అడగండి. రెండు సెన్సర్లు ఒకేసారి మారుస్తుంటే లేబర్ సూటిగా రెట్టింపు కాకూడదు, కారు ఎలాగూ లిఫ్ట్ మీదే ఉంది.

రెండూ జతగా మార్చాలన్న నియమం ఏమీ లేదు. టైర్లలాగా ఇవి జంటలు కావు, ముందుదాని పని వేరు, వెనకదాని పని వేరు. ఏది పోతే అది మార్చుకోవచ్చు. ఆరు సిలిండర్ల కారులో మాత్రం, బాగా తిరిగిన బండి అయి ఉండి ఒక వైపు ముందు సెన్సర్ మందగించిందంటే, రెండో వైపుది కూడా అదే వయసుది కాబట్టి కలిపి వేయించడంలో అర్థం ఉంది.

నాలుగోది ఎస్టిమేట్‌లో కనిపించని ముక్క. సెన్సర్ పట్టేయడం. ఏళ్ల తరబడి ఎర్రగా కాలి, చల్లారి, మళ్లీ కాలిన మరలు ఒక్కోసారి పైపుతో కలిసిపోతాయి. బలవంతంగా తిప్పితే పైపు వైపు మరలు కూడా ఊడొస్తాయి. అప్పుడు మర కోసే పనిముట్టు, ఎం18, 1.5 పిచ్ ట్యాప్‌తో మర మళ్లీ వేయాలి. అదీ కుదరకపోతే లోపలికి స్లీవ్ పెట్టాలి, లేదా వెల్డింగ్. ఆ మర కన్వర్టర్ ఒంటి మీదే ఉంటే టెన్షన్ ఇంకా ఎక్కువ. పని మొదలుపెట్టే ముందే "పట్టేసి ఉంటే నాకు ఫోన్ చేసి చెప్పాకే ముందుకెళ్లండి" అని చెప్పి, ఎస్టిమేట్ మీద రాయించుకోండి. అలాగే పాత సెన్సర్ నాకివ్వాలని కూడా.

ఆ పాత సెన్సర్ కొన చూస్తే చాలా చెబుతుంది. నల్లటి మసి పొడిగా పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ మండుతోంది. తెల్లగా సున్నం పూసినట్టుంటే సిలికాన్ విషం అయ్యుండొచ్చు, ఇంజన్ పనిలో సెన్సర్‌కి పనికిరాని సిలికాన్ సీలెంట్ వాడినప్పుడు ఇలా అవుతుంది. కూలెంట్ లోపలికి లీకై మండినా సెన్సర్ పాడవుతుంది, ఇంజన్ ఆయిల్ మండినా అంతే. ఇలాంటి మచ్చలుంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది, కాబట్టి ముందు అసలు జబ్బు పట్టుకోవాలి. కొన కడిగి మళ్లీ పెట్టుకుందామని పెట్రోల్‌లో నానబెట్టే చిట్కాలు వింటుంటాం. నాకు నమ్మకం లేదు. విషం పట్టిన పింగాణీ నానబెడితే బాగుపడదు, తెగిన హీటర్ అసలే అతుక్కోదు.

వాయిదా వేస్తే ఎంత? ముందు సెన్సర్ లోపమైతే మైలేజీ పడిపోతుంది. పెట్రోల్ ఎక్కువ పడుతూనే ఉంటే కన్వర్టర్ వేడెక్కి దెబ్బతింటుంది, దాని ధరతో పోలిస్తే సెన్సర్ ధర లెక్కలోకే రాదు. వెనక సెన్సర్‌లో ఉత్త హీటర్ పోయిందంటే నడపడంలో సాధారణంగా తేడా తెలియదు, మంచి వస్తువు దొరికేదాకా కొన్ని రోజులు ఆగొచ్చు. పొల్యూషన్ పరీక్ష దగ్గర పడితే ఆగకండి. చెక్ ఇంజన్ లైట్ నిలకడగా కాకుండా టపటపా కొట్టుకుంటుంటే మాత్రం అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని గుర్తు. బండి పక్కకి ఆపేయాల్సిందే.

నేను మార్చుకున్న రోజు

రెండేళ్లకి పి0141 వచ్చింది. వెనక సెన్సర్, హీటర్. ఈసారి తొందరపడలేదు. ముందు ఫ్యూజు చూశాను, బాగుంది. ముందు టైర్లు ర్యాంపుల మీదికెక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక టైర్లకి చెక్క దిమ్మలు పెట్టి కిందికి దూరాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి మాత్రం ఎవరూ వెళ్లకండి, జాకీతో ఎత్తితే కింద స్టాండ్లు పెట్టి తీరాలి.

వైరు పొడవునా వేలు పోనిచ్చి చూశాను, కాలలేదు, కొరకలేదు. కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల పిన్నులకి మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూశాను. మీటర్ ఓఎల్ అంది, అంటే లోపల తీగ తెగిపోయింది. తర్వాత కొత్త సెన్సర్ తెచ్చి డబ్బాలోంచి తీయగానే దాన్ని కూడా అలాగే కొలిచాను, 9 ఓమ్స్ వచ్చింది. సెన్సర్ రకాన్ని బట్టి ఈ అంకె మారుతుంది, చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్స్ నుంచి ఇరవై లోపు ఉండటం మామూలు. ఇంకోటి కూడా చూడాలి. ఇంజన్ నడుస్తుండగా, కారు వైపు కనెక్టర్‌లో హీటర్‌కి కరెంటు వస్తోందా అని. నాకు 12 వోల్టుల పైనే వచ్చింది. కరెంటు రాకపోతే సెన్సర్ ఎన్ని మార్చినా లైటు ఆరదు. ఇంజన్ నడిపేటప్పుడు ఆరుబయటే ఉండండి, మూసిన షెడ్డులో వద్దు.

విప్పడానికి ముందు రోజు రాత్రే మర మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాను. పొద్దున్న ఇంజన్ అయిదు నిమిషాలు నడిపి ఆపాను. పైపు గోరువెచ్చగా ఉంటే మర వదులవుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. గ్లవుజుతో తాకి ఆగగలిగేంత వేడి చాలు. 22 నంబర్ సాకెట్ కావాలి, అదీ పక్కన చీలిక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ సాకెట్. ఆ చీలికలోంచి వైరు బయటికొస్తుంది. కనెక్టర్ ముందే ఊడదీసి ఉండాలి, లేకపోతే సెన్సర్‌తోపాటు వైరు కూడా మెలి తిరిగిపోతుంది.

మొదటి లాగుడికి కదల్లేదు. పొడవాటి పిడి వేసి, కుదుపులు లేకుండా నెమ్మదిగా బరువు పెంచుతూ పోయాను. 'టక్' మంది. గుండె కూడా ఒకసారి అలాగే అంది, ఏది విరిగిందోనని. ఏమీ విరగలేదు. పావు చుట్టు వచ్చాక బిగుసుకుంటూ కీచుమనడం మొదలెట్టింది. అలా కీచుమన్నప్పుడు మొండికేసి లాగకూడదు. మళ్లీ కొంచెం లోపలికి తిప్పి, ఆయిల్ కొట్టి, కాసేపాగి, మళ్లీ బయటికి. ఇలా ముందుకీ వెనక్కీ పదిహేను నిమిషాలు ఆడితే మర చెడకుండా బయటికొచ్చింది. పైపు మరలని టార్చి వేసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి.

కొత్తదాని మరకి కంపెనీయే బూడిదరంగు ముద్ద పూసి పంపింది. అది పట్టేయకుండా ఉండటానికి. మీరు కొన్నదానికి పూసి లేకపోతే సెన్సర్లకి పనికొచ్చే యాంటీసీజ్ మర మీద మాత్రమే కొంచెం రాయాలి, కొనకి అంటకూడదు. కొనని వేళ్లతో కూడా తాకకండి. కింద పడేసుకున్న సెన్సర్ పైకి బాగానే కనిపించినా లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు. అందుకే నేను కింద పాత దుప్పటి పరిచాకే డబ్బా తెరిచాను.

మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. వేళ్లకి సులువుగా తిరగకపోతే మర వంకరగా పట్టిందని అర్థం, తీసి మళ్లీ మొదలెట్టాలి. తర్వాత టార్క్ రెంచ్. ఎం18 మరకి సాధారణంగా 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు, మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే వేయండి. చివర్లో వైరుని పాత దారిలోనే, పాత క్లిప్పుల్లోనే పోనిచ్చి కనెక్టర్ 'క్లిక్' మనేదాకా నొక్కాను. కనెక్టర్‌లో గ్రీజూ స్ప్రేలూ కొట్టొద్దు, ఇందాక చెప్పిన గాలి దారి మూసుకుపోతుంది.

కోడ్ స్కానర్‌తో చెరిపేశాను. బ్యాటరీ వైరు పీకి కూడా చెరపొచ్చు కానీ కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలూ రేడియో సెట్టింగులూ కూడా పోవచ్చు, స్కానరే నయం. ఎలా చెరిపినా లోపలి స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అవి పూర్తవడానికి కొన్ని రోజుల మామూలు డ్రైవింగ్ కావాలి, చల్లటి ఇంజన్‌తో మొదలెట్టి కొంత దూరం నిలకడగా నడిపితే తొందరగా అవుతాయి. పొల్యూషన్ పరీక్షకి వెళ్లే రోజు పొద్దున్నే కోడ్ చెరిపి వెళ్తే, పరీక్షలో కారు కంప్యూటర్‌ని కూడా చూసే చోట "ఇంకా రెడీ కాలేదు" అని వెనక్కి పంపేస్తారు.

ఆరోజు సొరుగులోంచి ఆ పాత సెన్సర్, రెండేళ్ల కిందట అన్యాయంగా ఊడిపోయినది, బయటికి తీశాను. దాని హీటర్ కూడా కొలిచాను, నిక్షేపంలా ఉంది. వెనకదాని చోట ఇదే పెట్టేస్తే కొత్తది కొనే పని తప్పేదే కదా అని ఆశపడ్డాను. కనెక్టర్ వేరు, వైరు పొడవు వేరు. మళ్లీ సొరుగులోకే వెళ్లింది. కారు పుస్తకంలో మాత్రం ఒక లైను రాసుకున్నాను: బ్యాంక్ 1 సెన్సర్ 2, తేదీ, 1,18,400 కిలోమీటర్లు, పార్ట్ నంబరు, హీటర్ 9 ఓమ్స్, మర బాగుంది.